శౌరమ్మ మొక్కు

పోయిన వారం స్టెల్లాని మనం గుణదల కొండ కింద, చెప్పుల స్టాండు పక్కన నిలబెట్టి వచ్చేశాం. పాపం ఆ పిల్ల ఇంకా అక్కడే ఉంది. ఈ వారమే మొదలుపెట్టినవాళ్ళ కోసం రెండు ముక్కలు చెప్పుకుని ముందుకు కదులుదాం.

స్టెల్లా ఇంటర్ రెండో సంవత్సరం చదువుతోంది. వాళ్ళ నాన్న అంతోని ఆటోనగర్లో లారీలకు రంగులేసి, వెనక పువ్వులూ పేర్లూ రాసే పెయింటరు. అమ్మ ఎలిజబెత్ ప్రైవేటు ఆసుపత్రిలో నర్సు. ఇంట్లో నాయనమ్మ శౌరమ్మ. జనవరిలో ఒక ఆదివారం, చర్చిలో పూజ నుంచి వచ్చి అందరూ అన్నాలకు కూర్చున్నప్పుడు, స్టెల్లా ముద్ద పక్కన పెట్టి చెప్పేసింది. తనకు మగపిల్లల మీద మనసు పోదనీ, ఆడపిల్లల మీదే పోతుందనీ, ఊహ తెలిసిన దగ్గర నుంచీ తను ఇంతేననీ. ఆ రోజు నుంచి అంతోని కూతురితో మాట్లాడటం మానేశాడు. ఎవరో చెప్తే, గన్నవరం అవతల మామిడితోటలో నడిచే ఒక దిద్దుబాటు శిబిరం వాళ్ళకు మాట ఇచ్చి వచ్చాడు. అక్కడ పిల్లల ఫోన్లు తీసేసుకుంటారు. గేటు దాటనివ్వరు. ‘మామూలు మనుషుల్ని’ చేసి పంపిస్తామంటారు. వచ్చే వారం ప్రాక్టికల్స్, ఆ వెనకే పబ్లిక్ పరీక్షలు ఉన్నాయని స్టెల్లా మొత్తుకున్నా, అవి వచ్చే ఏడు రాసుకోవచ్చని భార్యతో అని తేల్చేశాడు. మరియమాత తిరునాళ్ళలో గుండు చేయించడం, తీసుకెళ్ళి ఆ శిబిరం కారు ఎక్కించడం. అదీ ఆయన ఏర్పాటు. రోడ్డు మీదికి కారు వచ్చేసిందని ఫోన్ మోగిన చోట మనం ఆగాం.

ఫోన్ జేబులో పెట్టుకుని అంతోని వెనక్కి తిరిగాడు. కడిగిన తెల్లచొక్కా, గోళ్ళ సందుల్లో మాత్రం వదలని ఎర్ర రంగు. ఇన్నాళ్ళ తర్వాత కూతురి మొహం చూసి మాట్లాడాడు.

“లైన్లో నిలబడు.”

“ఏ లైను నాన్నా?”

“తలనీలాల లైను. మీ నాయనమ్మ మొక్కుకుంది. నువ్వు బాగుపడాలని.”

స్టెల్లా చప్పున నాయనమ్మ వైపు చూసింది.

మిగతావన్నీ తను ఊహించుకునే ఉంది. నాన్న అరుస్తాడనుకుంది, అరిచాడు. అమ్మ నోరెత్తదనుకుంది, ఎత్తలేదు. కానీ నాయనమ్మ! ఆదివారం వస్తే మంచం కోడు దగ్గర కూర్చోబెట్టుకుని, గోరువెచ్చని కొబ్బరినూనె మాడున అద్ది, జడ అల్లి, చివర రబ్బరు బ్యాండు వేసే మనిషి. తను మాట చెప్పిన ఆ ఆదివారం కూడా, ఇంట్లో పళ్ళేలు ఎగిరిపడిన ఆ సాయంత్రం కూడా, మాట్లాడకుండా జడ అల్లిన మనిషి. ఆ చేతులే తన తల మీద బేరం పెట్టాయా?

“నాయనమ్మా, నిజమేనా?”

శౌరమ్మ జపమాల తిప్పుతోంది. కళ్ళు మూసుకునే ఉన్నాయి. పెదాలు కదులుతున్నాయి కానీ అవి స్టెల్లాతో మాట్లాడటానికి కాదు. ముసలమ్మ పద్ధతి ఇంటిల్లిపాదికీ తెలుసు. జపమాల మొదలుపెట్టిందంటే సిలువ దాకా వచ్చి ముద్దు పెట్టుకునే వరకూ పలకదు. ఒకసారి పొయ్యి మీద పాలు పొంగి గ్యాస్ ఆరిపోయినా పలకలేదు.

మైకులో ఎవరో గొంతు చించుకుంటున్నారు. “కంకిపాడు నుంచి వచ్చిన అమలమ్మ గారూ, మీ మనవడు మా దగ్గరే ఉన్నాడు. జీళ్ళు కొనిపెడితే గానీ ఏడుపు ఆపనంటున్నాడు. దయచేసి తొందరగా రండి!” జనం నవ్వారు. బోడితలల మీద గంధం పూసుకున్నవాళ్ళు కొవ్వొత్తులూ కొబ్బరికాయలూ పట్టుకుని మెట్ల వైపు వెళ్తున్నారు. లైను జరిగింది. స్టెల్లా కాళ్ళు కూడా దాంతోపాటే జరిగాయి. చూస్తుండగానే ముందు ఎవరూ మిగల్లేదు.

మంగలి వెంకటప్పయ్య చెంబులో చెయ్యి ముంచి పీట చూపించాడు. “కూర్చోమ్మా. ఒక్క క్షణం చల్లగా అనిపిస్తది, అంతే.”

“నేను కూర్చోనండీ.”

వెనక నుంచి ఒకావిడ మెడ ముందుకు చాచింది. “జడ మీద మమకారం పోవట్లేదు పిల్లకి! మళ్ళా వస్తదిలే అమ్మాయ్, ఇంతకంటే ఒత్తుగా వస్తది. కానియ్, ఎండెక్కుతోంది.”

“జుట్టు గురించి కాదత్తా,” అంది స్టెల్లా ఆవిడతో. తర్వాత నాన్న వైపు తిరిగింది. 

“నాన్నా, ఊరికే అడిగితే ఈ జుట్టు ఇప్పుడే ఇచ్చేస్తా. మరియమ్మ తల్లికి ఇవ్వడానికి నాకేం బాధ లేదు. కానీ నేను బాగుపడాలని ఇవ్వను. బాగుపడటానికి నేనేం చెడిపోలేదు.”

“మెల్లగా మాట్లాడు. జనం చూస్తున్నారు.”

“మెల్లగా మాట్లాడీ మాట్లాడీ, చివరికి అసలు మాటే పోయింది కదా నాకు. నవంబరులో, డిసెంబరులో నేనెలా ఉన్నానో మర్చిపోయారా? అన్నం దగ్గర కూర్చుని లేచిపోయేదాన్ని. కాలేజీ నుంచి వచ్చి దుప్పటి కప్పుకునేదాన్ని. అప్పుడు మీరు ఏమన్నారు? ‘చదువు ఒత్తిడిలే’ అన్నారు. ఇప్పుడు తింటున్నా, నిద్రపోతున్నా, లెక్చరర్ మెచ్చుకునేట్టు రికార్డులు రాస్తున్నా. ఇప్పుడేమో దిద్దాలంటున్నారు.”

“ఎవరో నీ బుర్రలో ఎక్కించారే ఇదంతా. ఎవత్తె అది? పేరు చెప్పు. వాళ్ళింటికెళ్ళి మాట్లాడతా.”

“ఎవరూ లేరు నాన్నా. ఉంటే మీకే ముందు చెప్పేదాన్ని.”

అంతోని పీట వైపు చెయ్యి చూపించాడు. “కూర్చో” అన్నాడు.

నిన్న రాత్రంతా స్టెల్లాకు ఒకటే ఆలోచన. మారిపోయానని ఒక్క అబద్ధం చెప్తే చాలు. కారు వెనక్కి పోతుంది, ప్రాక్టికల్స్ రాసుకోవచ్చు, నాన్న మళ్ళీ బిర్యానీ పొట్లం తెచ్చి ‘ఏరా స్టెల్లమ్మా’ అని పిలుస్తాడు. ఆ అబద్ధం నాలుక చివరి దాకా వచ్చింది కూడా. కానీ ఒకసారి చెప్తే రోజూ చెప్పాలి. పెళ్ళిచూపుల్లో చెప్పాలి. పెళ్ళయ్యాక ఎవరో ఏ పాపం ఎరగని అబ్బాయికి జీవితాంతం చెప్పాలి. ఆ బరువు తను మొయ్యలేదు.

“కూర్చోను. మారానని చెప్పను. కారు ఎక్కను. కొట్టాలంటే కొట్టండి, ఇక్కడే నిలబడతా.”

అంతోని చెయ్యి లేచింది. సరిగ్గా అప్పుడు వెనక నుంచి ముద్దు పెట్టుకున్న చప్పుడు వినిపించింది. సిలువకు.

“జరగండి, జరగండి. దారియ్యండయ్యా.”

శౌరమ్మ జపమాలను చిన్న ప్లాస్టిక్ డబ్బాలో వేసి, ఆ డబ్బాను రొంటిన దోపుకుని, కొడుకు లేచిన చేతి కింద నుంచి వంగి దూరి, పీట మీద చతికిలబడింది. ముడి విప్పింది. నెరిసిన జుట్టు పలచగా భుజాల మీద పడింది.

“కానియ్ నాయనా.”

వెంకటప్పయ్య తెల్లబోయాడు. “మామ్మగారూ, టోకెను అమ్మాయి గారిదన్నారు?”

“టోకెను మీద బొమ్మేమన్నా ఉందా? మొక్కు నాది, తల నాది. నీళ్ళు పెట్టు.”

“అమ్మా!” అంతోని కంగారుపడ్డాడు. “ఏం చేస్తున్నావ్? మొక్కింది దాని కోసం కదా?”

“దాని కోసమే. దాని తల మీద కాదు. ఎదుటోళ్ళ తల మీద మొక్కుకునే అలవాటు మన ఇంట్లో ఎప్పుడుందిరా?”

“నీ జుట్టయినా సరే, మొక్కు తీరకుండా ఎట్టా ఇస్తావ్? అది ఇంకా మారలేదు కదా!”

“తీరిందిరా.”

 వెంకటప్పయ్య కత్తి ఎత్తి పట్టుకుని ఆగిపోయాడు.

“ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదంటే, మొక్కు చెల్లించే దాకా దాని మాట బయటికి చెప్పకూడదు. మా అమ్మ అట్టా నేర్పింది. మొక్కుందని మాత్రం అన్నా, నువ్వేమో ఏం మొక్కానో అడక్కుండానే నీకు తోచింది అనుకున్నావ్. ఇప్పుడు చెప్తున్నా, విను. మొన్న క్రిస్మస్ ముందు, పిల్ల మాటా పలుకూ లేకుండా గోడ వైపు తిరిగి పడుకునేది. దాన్ని చూస్తే నాకు భయమేసింది. ఆ వయసు పిల్లలు ఏదో ఒకటి చేసుకుంటున్నారని పేపర్లో చూస్తన్నాం. అప్పుడు మొక్కుకున్నా. ‘తల్లీ, నా స్టెల్లా మనసులో ఉన్నదేదో నోరు విప్పి మా నలుగురిలో చెప్పుకోవాలి. అది ఎట్టాంటిదైనా సరే. చెప్పుకుని మళ్ళా అన్నం తినాలి. అట్టా జరిగితే వచ్చే తిరునాళ్ళకి నా తలనీలాలు నీకు’ అని.”

“తల కదపమాకండి మామ్మా,” అన్నాడు వెంకటప్పయ్య. కత్తి నుదుటి మీద మొదటి గీత గీసింది.

“తల కదపను నాయనా, నోరే కదుపుతున్నా. జనవరిలో ఆదివారం నాడు పిల్ల చెప్పింది. చెప్పి, ఆ తర్వాత నువ్వు పళ్ళెం విసిరి కొట్టాక కూడా, లేచెళ్ళి వంటింట్లో గిన్నెలో మిగిలిన అన్నంలో పప్పు కలుపుకుని తిన్నది. నేను చూశా. నాకింకేం కావాలి? తల్లి నా మాట విన్నది.”

అంతోని పీట దగ్గరికి వంగాడు. “అంటే... ఇంత గొడవ జరిగింది నువ్వు అడిగి తెచ్చుకున్నదానివల్లా?”

“అవునురా. నేనే అడిగా. ఆ తల్లే ఇచ్చింది. నువ్వెళ్ళి ఎవుడికో అప్పజెప్తానంటే నేనూరుకోవాలా?”

నెరిసిన జుట్టు పాయలు పాయలుగా శౌరమ్మ ఒళ్ళో రాలుతోంది. స్టెల్లా మోకాళ్ళ మీద కూలబడి, ఆ ఒడిలో తలపెట్టి ఏడ్చింది. ఇన్ని వారాలుగా ఒక్క బొట్టు రాల్చని పిల్ల. “నిన్ను తప్పుగా అనుకున్నాను నాయనమ్మా.”

“అనుకోవే. అనుకుంటే ఏమవుద్ది? అనుకున్నది చెప్పేయ్, అంతే. తలెత్తు, మొహమంతా నా జుట్టు అంటుకుంటది.”

ఏడుస్తూనే నవ్వు వచ్చింది స్టెల్లాకు. వెనకావిడ, ఇందాక ఒత్తుగా వస్తదన్నావిడ, కొంగుతో కళ్ళు ఒత్తుకుని, “మాది నందిగామ మామ్మా. మాకూ ఒక పిల్లుంది. దాని నోట్లోంచి మాటే రాదు,” అంది. 

అంతోని మాత్రం మెత్తబడలేదు. మెత్తబడితే ఎలా? కారు రోడ్డు మీద ఉంది, మాట ఇచ్చిన మనిషి అందులో ఉన్నాడు.

“నీ మొక్కు నీదమ్మా. కాదన్ను. కానీ పిల్ల బతుకు నేను చూడాలి. రేపు దీన్ని వీధిలో వేలెత్తి చూపిస్తే, ఇల్లు అద్దెకియ్యకపోతే, ఉద్యోగంలోంచి తీసేస్తే నువ్వుంటావా, నేనుంటానా? వాళ్ళు సరిచేస్తామంటున్నారు. నాలుగు నెలలు ఏడిస్తే ఏడుస్తది.”

“సరిచేయరండీ.”

అన్నది ఎలిజబెత్. ఇన్ని వారాలూ డ్యూటీకి వెళ్ళడం, రావడం, వండటం తప్ప ఒక్క మాట అనని ఎలిజబెత్. అందరూ అటు తిరిగారు. ఆవిడ చేతిలో కొవ్వొత్తుల కట్ట వంగిపోయి ఉంది, అంత గట్టిగా పట్టుకుంది.

“మా హాస్పిటల్లో మానసిక డాక్టరు గారిని అడిగానండీ. నా స్నేహితురాలి కూతురని అబద్ధం చెప్పి అడిగా. ఆయన నా మొహం చూశారు, ఎవరి కూతురో అర్థమైపోయిందనుకుంటా. ఇది జబ్బు కాదమ్మా అన్నారు. కొందరు ఎడమచేత్తో రాస్తారే, అట్టాంటిదే అన్నారు. మారుస్తామని చెప్పే డాక్టరు ఉంటే, వాడి మీద మెడికల్ కౌన్సిల్ చర్య తీసుకోవచ్చట. అట్టాంటి చోట నుంచి తిరిగొచ్చిన పిల్లల్ని ఆయన చూస్తారట. నిద్ర పట్టక, చేతులు వణుకుతూ వస్తారట. వాళ్ళని ఆయన బాగుచేయాల్సొస్తదట. నాకు వారం నుంచీ తెలుసు. మీ కోపానికి భయపడి చెప్పలేదు. ఇంక భయపడను.”

“నాకు చెప్పలేదా?” అంతోని మాట ఈసారి చిన్నగా వచ్చింది.

“మీరు అడిగారా? ఎవుడో తోటలో కూర్చున్నోణ్ణి అడిగారు. ఇంట్లో నర్సుంది, దాన్ని అడగలేదు.”

లైన్లో ఎవరో కిసుక్కుమన్నారు. అంతోని జేబులో ఫోన్ మళ్ళీ మోగింది. తీశాడు. ఎత్తలేదు. పెట్టేయనూ లేదు. లారీ పలక మీద పెద్ద అక్షరాలు ఒక్క వంకర లేకుండా గీసే చెయ్యి అది. ఇప్పుడు ఆ వేలు పచ్చబటను దాకా వెళ్ళి వెనక్కి వస్తోంది.

“పెద్దమనిషి. నా మాట మీద అంత దూరం నుంచి వచ్చాడు. ఇప్పుడు ఏమని చెప్పను?”

స్టెల్లా లేచింది. చున్నీతో మొహం తుడుచుకుంది.

“మీరు చెప్పక్కర్లేదు నాన్నా. మాట మీది, రానన్నది నేను. నేనే చెప్పొస్తా.”

ఎవరూ ఆపే లోపే నడిచింది. బొమ్మల కొట్ల మధ్య నుంచి, ఖర్జూరం గుట్టల మధ్య నుంచి, రంగులరాట్నం పక్క నుంచి. వెనక నాన్న “స్టెల్లా, ఆగు” అంటున్నాడు. ఆగలేదు. భయం లేక కాదు.  అయినా అమ్మ మాట్లాడిందిగా. నాయనమ్మ గుండు కొట్టించుకుందిగా. ఇంక తను కారు అద్దం ముందు రెండు మాటలు అనలేదా?

తెల్లకారు రోడ్డు వారన ఉంది, ఇంజను ఆపకుండా. స్టెల్లా ముందు అద్దం మీద వేళ్ళతో కొట్టింది. అద్దం దిగింది. లోపల కళ్ళద్దాల మనిషి, ఇస్త్రీ చొక్కా, ప్రేమగా నవ్వు.

“రా తల్లీ. నీ కోసమే. గుండు చేయించలేదే?”

“నమస్తే అండీ. నేను స్టెల్లాని. నేను రావట్లేదు. మా ఇంట్లో ఎవరూ పంపట్లేదు. నాకు దిద్దుబాటు అక్కర్లేదు. వచ్చే వారం నాకు ఫిజిక్స్ ప్రాక్టికల్ ఉంది.”

నవ్వు చెదరలేదు. “అందరూ మొదట అలాగే అంటారు తల్లీ. నాన్నగారు ఎక్కడ?”

అప్పుడే చూసింది స్టెల్లా. వెనక సీట్లో, కిటికీకి ఆనుకుని, ఒక కుర్రాడు. పదో తరగతి ఉంటుందేమో. బడి చొక్కా. ఒళ్ళో చేతులు దాచుకున్నాడు, కానీ గోళ్ళు కనిపిస్తూనే ఉన్నాయి. గులాబీ రంగు ఎవరో గరుగ్గా గీకేశారు. అంచుల్లో ఇంకా మిగిలి ఉంది.

“నీ పేరేంటి?” అంది స్టెల్లా.

“సాయిగణేష్.” వాడు మెల్లగా అన్నాడు. “ఉయ్యూరు. బెంజ్ సర్కిల్లో కళ్ళ డాక్టరుకి చూపించాలని చెప్పి ఎక్కించారు.” ఒక క్షణం ఆగి, ఇంకా చిన్నగా అడిగాడు. “అక్కా, రానని చెప్తే ఊరుకుంటారా?”

స్టెల్లా చెయ్యి వెనక తలుపు పిడి మీద పడింది. లోపల లాక్ టక్కుమంది. కళ్ళద్దాల మనిషి డ్రైవరుకి సైగ చేశాడు. కారు కదిలింది. పిడి పట్టుకుని రెండడుగులు పరుగెత్తింది స్టెల్లా. చేతిలోంచి పిడి జారిపోయింది.

కారు మాత్రం ఆగిపోయింది.

బానెట్ మీద రెండు చేతులూ ఆనించి, దారికి అడ్డంగా నిలబడి ఉన్నాడు అంతోని. హారన్ కొట్టినా జరగలేదు. ఆయన చూపు డ్రైవరు మీద లేదు, కళ్ళద్దాలాయన మీదా లేదు. వెనక సీట్లో ఉన్న ఆ గోళ్ళ మీద ఉంది. రంగుల్లో బతికినవాడికి, రంగు ఎలా గీకారో చూస్తే, గీకినవాళ్ళ చెయ్యి ఎంత కోపంగా ఉందో తెలిసిపోతుంది.

“పిల్లాణ్ణి దించండి.”

“అంతోని గారూ, మీ అమ్మాయిని పంపకపోతే మానెయ్యండి. ఈ అబ్బాయితో మీకేం పని? వాళ్ళ నాన్న అప్పగించాడు. కావాలంటే ఇప్పుడే ఫోన్ చేస్తా. ఆయనే వచ్చి మీ సంగతి తేలుస్తాడు.”

“చెయ్యండి. నాకియ్యండి ఫోను. తండ్రితో నేనే మాట్లాడతా.”

కళ్ళద్దాలాయన ఒక్క క్షణం ఆలోచించి, నంబరు నొక్కి, స్పీకరు పెట్టి కిటికీలోంచి చాచాడు. చుట్టూ జనం మూగుతున్నారు. గంధం ఆరని గుండుతో శౌరమ్మ, వంగిన కొవ్వొత్తులతో ఎలిజబెత్ పరుగున వచ్చి స్టెల్లా పక్కన నిలబడ్డారు. సాయిగణేష్ లోపల్నుంచి అద్దానికి నుదురు ఆనించాడు.

నాన్న ఏం మాట్లాడతాడో స్టెల్లాకు తెలీదు. ఆయన మొహం చూస్తే, ఆయనకీ తెలీదని తెలుస్తోంది. పొద్దున ఇంట్లోంచి బయల్దేరినప్పుడు ఆయన కూడా ఈ అబ్బాయి తండ్రి లాంటివాడే కదా.

ఫోన్ మోగింది. మోగింది. అవతల ఎత్తారు.

“హలో, రామకోటేశ్వరరావుని. ఏంటండీ, మా వాడు ఏమన్నా గొడవ చేస్తున్నాడా?”

ఒక చెయ్యి బానెట్ మీదే ఉంచి అంతోని ఫోన్ అందుకున్నాడు.

“అన్నా, నేను మీ అబ్బాయి పక్కనే ఉన్నా. ఫోను పెట్టెయ్యకు,” అన్నాడు.